విండోస్ వదిలి లినక్స్‌కి వచ్చాక మొదటి భాష ఏది: పైథానా, సీనా, గంబాసా?

కొత్త మింట్ (ప్రశ్న):
నా పాత ల్యాప్‌టాప్‌లో టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) లేదు, విండోస్ 11 ఎక్కదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అందుకని లినక్స్ మింట్ వేసుకున్నాను. కాలేజీ ల్యాబ్‌లో టర్బో సీ, ఇంట్లో విజువల్ బేసిక్ 6 కొద్దిగా చేశాను. ఇప్పుడు శ్రద్ధగా నేర్చుకోవాలంటే దేనితో మొదలుపెట్టాలి? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు, టెన్షన్‌గా ఉంది.

బేసిక్ పాతకాపు:
తమ్ముడూ, వీబీ (విజువల్ బేసిక్) వచ్చు కదా, గంబాస్ చూడు, లినక్స్‌లో బేసిక్ లాంటి భాష. ఫారమ్ మీద బటన్ పెట్టి దాని వెనక కోడ్ రాసే పద్ధతి అదే. వీబీ ప్రాజెక్టు తెచ్చి ఇందులో తెరిస్తే మాత్రం నడవదు, భాష వేరు. కానీ మనం చేసిన విండో కళ్ల ముందు కనిపిస్తే వచ్చే హుషారు నల్ల తెర మీద రాదు.

సీ పక్షం:
పరీక్షలో ఉన్నది సీ. దాన్నే పట్టుకో. బిల్డ్-ఎసెన్షియల్ ప్యాకేజీ వేస్తే జీసీసీ అనే సీ కంపైలర్ వచ్చేస్తుంది. ల్యాబ్ ప్రోగ్రాముల్లోంచి లినక్స్‌లో లేని కోనియో.హెచ్ హెడర్ తీసెయ్, వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ రాయి. పైథాన్‌తో మొదలుపెడితే మెమరీ ఎలా పనిచేస్తుందో తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి.

టెర్మినల్ అక్క:
నా మాట పైథాన్. భాష గొప్పదా కాదా అన్నది ఇక్కడ అసలు విషయం కాదు. సిస్టమ్ మార్చినవాళ్లు అప్పటికే ఒక కొత్త విషయం నేర్చుకుంటున్నారు. విండోస్‌లో పెద్దక్షరంతో రాసినా చిన్నక్షరంతో రాసినా ఫైలు ఒకటే, లినక్స్‌లో అవి రెండు ఫైళ్లు. పాత్‌లో గీత వాలు మారింది. పర్మిషన్లు వచ్చాయి. టర్బో సీలో ఇంట్ 2 బైట్లు, జీసీసీలో 4. నిన్నటి ప్రోగ్రాం ఇవాళ వేరే జవాబిస్తే తప్పు తనదా, మెషీన్‌దా అన్నది కొత్తవాళ్లకి తేలదు. పిల్లలు వదిలేసేది అక్కడే, అది నాకు బాధగా ఉంటుంది. పైథాన్‌లో ఈ తేడాలు తక్కువ. రేపు ఆఫీసులో విండోస్ ఇచ్చినా అదే కోడ్ చాలావరకు నడుస్తుంది. గంబాస్‌తో ఆ వీలు లేదు.

తమ్ముడూ, ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మింట్‌లో పైథాన్ ముందే ఉంటుంది, ఎందుకంటే మింట్ సొంత టూల్స్ చాలావరకు అందులో రాసినవే. దాన్ని తీసెయ్యకు, పాతదని మార్చకు, డెస్క్‌టాప్ కూడా దానితో పోవచ్చు. పైథాన్ ప్యాకేజీలు తెచ్చుకోవడానికి పిప్ ఇన్‌స్టాల్ కొడితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అని ఆపేస్తుంది. ఆ ఆపడం నీ మంచికే. చాలామంది "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్" అనే ఆప్షన్ తగిలించమంటారు, దయచేసి వినకు. పైథాన్3-వెన్వ్ (python3-venv) ప్యాకేజీ వేసుకుని, ప్రతి ప్రాజెక్టుకూ విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు ప్యాకేజీలు మాత్రమే ఉండే చోటు) పెట్టుకో. కమాండ్ కూడా పైథాన్ కాదు, పైథాన్3.

ఇంకోటి. "తెలుగు" అనే మాట పొడవు పైథాన్ 3ని అడిగితే 6 అంటుంది, గుణింతపు గుర్తులను విడిగా లెక్కపెడుతుంది. సీలో పొడవు చెప్పే స్ట్ర్‌లెన్ ఫంక్షన్ 18 అంటుంది. మన భాషతో ఆడుకోవాలనుకునే పిల్లలకి మొదటి రోజే ఆ 18 ఎందుకు?

సీ పక్షం:
ఆ 18 తెలియాలనే కదా అక్కా నా వాదన! అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకీ 3 బైట్లు. అది తెలియనివాళ్లే డేటాబేస్‌లో తెలుగు పేర్లు సగానికి తెగ్గోస్తున్నారు.

టెర్మినల్ అక్క:
తెలియాలి, ఒప్పుకుంటాను. పైథాన్‌లో అదే మాటని ఎన్‌కోడ్ చేసి పొడవు అడిగితే 18 వస్తుంది. లూపులు, ఫంక్షన్లు చేతికి వచ్చాక అది చూపిస్తే ఆసక్తిగా వింటారు.

కొత్త మింట్:
అక్కా, పైథాన్ మొదలుపెడుతున్నాను. ల్యాబ్ ప్రోగ్రాములు జీసీసీలోనే చేస్తాను. కోనియో.హెచ్‌తో పాటు, కీ నొక్కేదాకా ఆపే గెట్‌చ్ కూడా తీసేస్తే అవుట్‌పుట్ విండో మూసుకుపోదా?

సీ పక్షం:
టెర్మినల్ తెరిచి అందులోంచి నడిపితే మూసుకుపోదు తమ్ముడూ. ఎడిటర్ వేరు, టెర్మినల్ వేరు పెట్టుకో.