పదిహేను అడుగుల గదిలో రూమ్ కరెక్షన్: బేస్ తగ్గింది, మాటలు మసకబారాయి

రాయగడ శ్రోత:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. ఇంటి ముందు గదినే సినిమాలు చూసుకోవడానికి అమర్చుకున్నాము. గది పొడవు 15 అడుగులు, వెడల్పు 10 అడుగులు, స్లాబు ఎత్తు కూడా 10 అడుగులే. నేలంతా టైల్స్, ఎడమ గోడకు పెద్ద అద్దాల కిటికీ, కుడివైపు ఉత్త గోడ. రిసీవర్ (స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్ పెట్టె) డెనాన్ ఏవీఆర్-ఎక్స్1700హెచ్. దానికి చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు అయిదు, బేస్ (లోతైన శబ్దాలు) కోసం 10 అంగుళాల సబ్‌ఊఫర్ ఒకటి కలిపాము. సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంది, సబ్‌ఊఫర్ టీవీ పక్కన మూలలో ఉంది, సెంటర్ స్పీకర్ టీవీ కింది అరలో లోపలికి ఉంది.

రిసీవర్‌తో వచ్చిన మైకును సోఫా మీద వేర్వేరు చోట్ల పెట్టి ఆడిస్సీ సెటప్ (గదికి తగ్గట్టు శబ్దాన్ని దిద్దే రూమ్ కరెక్షన్) పూర్తి చేశాను. అంతకుముందు బేస్ గదంతా హోరెత్తేది, సెటప్ తరువాత అది బాగా తగ్గిపోయి చప్పగా అనిపిస్తోంది. ఇక తెలుగు సినిమా అయినా ఒడియా సినిమా అయినా మాటలు ఏదో దుప్పటి కప్పుకుని మాట్లాడినట్లు మసకగా వినిపిస్తున్నాయి. ముందు స్పీకర్లను రిసీవర్ ‘లార్జ్’ (బేస్ కూడా మోయగల పెద్దవి) అని గుర్తించింది, సబ్‌ఊఫర్ దూరాన్ని టేపుతో కొలిచినదానికంటే నాలుగైదు అడుగులు ఎక్కువగా చూపింది, సబ్‌ఊఫర్ స్థాయిని మైనస్ 12 డెసిబెల్‌ల (శబ్దపు బలానికి కొలమానం) దగ్గర నిలిపింది. దీన్ని ఆపేసి పాత పద్ధతిలోనే వినడం మేలా, లేక మళ్ళీ కొలిస్తే బాగుపడుతుందా? ఇంతకంటే ఖరీదైన రిసీవర్ కొనే స్తోమత ఇప్పట్లో లేదు.

పర్లాకిమిడి వాసి:

నమస్కారమండీ. ఆపవద్దు. మీ రిసీవర్‌లో ఉన్న మల్టీఈక్యూ ఎక్స్‌టీ (ఆడిస్సీలో ఒక రకం) ఆ ధరకు చాలా మంచి సాధనం. అయితే అది గదిని మార్చలేదు, గదిలో మీరు అమర్చిన తీరును ఉన్నదున్నట్లు తీసుకుని, అందులో దిద్దగలిగినంతవరకే దిద్దుతుంది. అందువల్ల మైకు పెట్టకముందు చేయవలసిన పనే ఎక్కువ.

మీరిచ్చిన కొలతలు చూడండి. శబ్దం సెకనుకు సుమారు 1130 అడుగులు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెట్టింపు పొడవున్న తరంగం ఆ గోడల మధ్య నిలిచిపోయి అనునాదం (ఆ ఒక్క స్వరమే ఉబ్బి మోగడం) పుట్టిస్తుంది కనుక, 1130ని 30తో భాగిస్తే మీ గది పొడవు వల్ల 38 హెర్ట్జ్ (సెకనుకు 38 కంపనాలు) దగ్గర ఒకటి, దానికి రెట్టింపైన 75 దగ్గర ఇంకొకటి వస్తాయి. వెడల్పు, ఎత్తు రెండూ 10 అడుగులే కావడం వల్ల ఆ రెండు అనునాదాలూ 56 హెర్ట్జ్ దగ్గరే పడతాయి. మూలలో పెట్టిన సబ్‌ఊఫర్ వీటన్నిటినీ నిండుగా రెచ్చగొడుతుంది, వెనక గోడకు ఆనుకుని కూర్చున్నవారి చెవికి పొడవు వల్ల పుట్టే అనునాదాలన్నీ గరిష్ఠ స్థాయిలో చేరుతాయి. మీరు ఇన్నాళ్ళూ బేస్ అనుకుని విన్నదానిలో ఎక్కువ భాగం ఆ హోరే. ఆడిస్సీ దాన్ని కోసేసింది, అందుకే ఇప్పుడు వెలితిగా ఉంది. కొన్నాళ్ళు విన్న తరువాత కూడా చాలదనిపిస్తే సబ్‌ఊఫర్ స్థాయిని రిసీవర్ మెనూలో 3 డెసిబెల్‌లు పెంచుకోండి. అందులో తప్పేమీ లేదు, చాలామంది అలాగే వింటారు.

ఉబ్బిన చోట కోయడం కరెక్షన్‌కు సులువు, పల్లాన్ని నింపడం మాత్రం దాని చేతిలో లేదు. వెళ్ళే తరంగమూ గోడను తాకి తిరిగొచ్చే తరంగమూ ఒకదాన్నొకటి చంపుకునే చోట మీరు కూర్చుంటే, ఎంత శక్తి పోసినా రెండూ సమానంగానే పెరిగి మళ్ళీ చంపుకుంటాయి. 6 డెసిబెల్‌లు పెంచడానికి ఆంప్లిఫయర్ నాలుగు రెట్లు శక్తి ఇవ్వాలి, అదంతా వృథాయే. ఈ జబ్బుకు సోఫానో సబ్‌ఊఫర్‌నో జరపడమే మందు. సబ్‌ఊఫర్‌ను సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఎక్కువగా ఉన్న పాటను మళ్ళీ మళ్ళీ మోగిస్తూ, దాన్ని ఉంచడానికి వీలైన ప్రతి చోటా నేల దగ్గరికి వంగి వినండి. ప్రతి స్వరమూ సమానంగా, స్పష్టంగా వినిపించే చోటే దాని స్థానం.

మాటల మసకకు కారణం చాలావరకు టీవీ కింది అరే. సెంటర్ స్పీకర్‌ను అర అంచుదాకా ముందుకు లాగి, కింద చిన్న చెక్కముక్కలు పెట్టి, ముఖం చెవివైపు ఎత్తండి. తరువాత గది మధ్య నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. గోడల మధ్య టరటరమని శబ్దం మోగితే, అది ఏ కరెక్షన్‌కూ లొంగేది కాదు. కిటికీకి దళసరి పరదా, నేల మీద మందపాటి తివాచీ, ఉత్త గోడ దగ్గర పుస్తకాల బీరువా, ఇవే దానికి ఉపాయాలు. పలుచని పరదా పై పౌనఃపున్యాలను (సన్నని, కీచు శబ్దాలను) మాత్రమే పీల్చి గదిని మరింత మందంగా వినిపించేలా చేస్తుంది, కనుక గుడ్డ విషయంలో పొదుపు చేయకండి.

ఇక మైకు సంగతి. సోఫా వీపు మీద పెట్టకూడదు, అక్కడి గుడ్డా స్పంజూ కొలతను చెడగొడతాయి. కెమెరా స్టాండుకు బిగించి, చెవి ఎత్తులో, కొన పైకప్పువైపు ఉండేలా నిలబెట్టండి. ఎనిమిది కొలతల్లో మొదటిది మీరు ఎప్పుడూ కూర్చునే చోటే తీసుకోండి, ఎందుకంటే స్పీకర్ల దూరాలనూ స్థాయులనూ రిసీవర్ ఆ మొదటి కొలతనుంచే లెక్కగడుతుంది. మిగిలిన ఏడింటినీ దానికి చుట్టూ రెండడుగుల లోపలే తీసుకోండి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపి రాత్రిపూట చేయండి. మీ ఊరు జంక్షన్ కనుక, రైలు వస్తున్న సడి వినిపిస్తే అది పోయేదాకా ఆగండి, ఆ గరగర సరిగ్గా సబ్‌ఊఫర్ పనిచేసే భాగంలోనే పడుతుంది.

మైనస్ 12 అనేది రిసీవర్ తగ్గించగలిగే చివరి హద్దు, అంటే సబ్‌ఊఫర్ వెనక ఉన్న మీటను బాగా ఎక్కువగా తిప్పి ఉంచారన్నమాట. అది తగ్గించి మళ్ళీ కొలవండి. దూరం ఎక్కువగా చూపడం తప్పు కాదు, సబ్‌ఊఫర్ లోపలి సర్క్యూట్ వల్ల కలిగే ఆలస్యాన్ని రిసీవర్ అడుగుల్లో చెబుతోంది. దాన్ని టేపు కొలతకు మార్చకండి. ‘లార్జ్’ను మాత్రం ‘స్మాల్’గా మార్చి, క్రాసోవర్ (దీని దిగువ బేస్ అంతా సబ్‌ఊఫర్‌కు వెళ్ళే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టుకోండి. ఏ స్పీకర్‌కైనా రిసీవర్ అంతకంటే ఎక్కువ సూచిస్తే, దాన్ని దింపకండి.

బరంపురం మిత్రుడు:

పై సమాధానంతో ఏకీభవిస్తూ ఒక్క విషయంలో భిన్నాభిప్రాయం చెబుతాను. గది ప్రభావం బలంగా ఉండేది 200, 300 హెర్ట్జ్‌ల దిగువనే. అంతకు పైన మైకు వినేది స్పీకర్ స్వభావాన్నీ గోడల ప్రతిఫలనాలనూ కలిపి. స్పీకర్ మంచిదైతే అక్కడ దిద్దడం వల్ల మేలుకంటే కీడే ఎక్కువ. మల్టీఈక్యూ ఎడిటర్ యాప్ డబ్బు పెట్టి కొనవలసినదే అయినా, మీ రిసీవర్‌కు అది పనిచేస్తుంది, దానితో దిద్దుబాటును 300 హెర్ట్జ్ వద్దే ఆపవచ్చు. ఆడిస్సీ రిఫరెన్స్ పద్ధతిలో 2 కిలోహెర్ట్జ్ దగ్గర కావాలనే చిన్న పల్లం పెడుతుంది. మాటల్లోని హల్లులు స్పష్టంగా తెలిసేది ఆ ప్రాంతంలోనే కనుక, మసకకు అదికూడా ఒక కారణం కావచ్చు. యాప్‌లో మిడ్‌రేంజ్ కాంపెన్సేషన్ అన్నదాన్ని ఆపి చూడండి. యాప్‌తో ఒకసారి కొలిచిన ఫైలు ఫోనులో నిలిచి ఉంటుంది, కాబట్టి మళ్ళీ కొలవకుండానే మార్చి మార్చి పంపుకోవచ్చు.

తక్కువ శబ్దంతో చూసేటప్పుడు చెవికి బేస్ మరింత తగ్గినట్లు వినిపిస్తుంది, దానికోసమే డైనమిక్ ఈక్యూ ఉంది. సినిమాలకు రిఫరెన్స్ ఆఫ్‌సెట్ (డైనమిక్ ఈక్యూ బలాన్ని తగ్గించే సెట్టింగు) 0 దగ్గర ఉంచి, టీవీ కార్యక్రమాలకూ పాటలకూ 10 లేదా 15 పెట్టుకోండి, లేకపోతే పాటలు బరువెక్కుతాయి. డైరెక్ట్ మోడ్‌లో వింటే ఆడిస్సీ పూర్తిగా ఆగిపోతుంది, రెంటినీ పోల్చుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

రాయగడ శ్రోత:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక్క చిక్కు ఉంది. లోపలి గదిలోకి వెళ్ళే తలుపు పక్కగోడలో ఉండటం వల్ల సోఫాను రెండడుగులకు మించి ముందుకు జరపలేము. ఆ మాత్రానికి ఫలితం ఉంటుందా? పైగా అమ్మ సోఫా చివర కూర్చుంటుంది, నాకు చప్పగా అనిపించిన దృశ్యంలోనే తనకు గుండెలదిరేలా ఉందంటుంది.

పర్లాకిమిడి వాసి:

తప్పకుండా ఉంటుందండీ. సోఫా రెండడుగులు జరిగితే చెవి గోడనుంచి సుమారు రెండున్నర అడుగుల దూరంలోకి వస్తుంది. మీ 15 అడుగుల గదిలో 75 హెర్ట్జ్ అనునాదపు పీడనం ఆ చోట గోడ దగ్గర ఉన్నదానిలో సగానికి, అంటే 6 డెసిబెల్‌లు, తగ్గుతుంది. 38 దగ్గర మాత్రం ఒక్క డెసిబెల్‌కు కొంచెం ఎక్కువే తేడా, దాన్ని కరెక్షన్‌కు వదిలేయండి, అది బాగా చేసే పని అదే.

అమ్మగారి విషయానికి వస్తే, వెడల్పు వల్ల పుట్టే 56 హెర్ట్జ్ పీడనం రెండు పక్కగోడల దగ్గర గరిష్ఠం, గది మధ్యలో దాదాపు సున్నా. మీరు మధ్యలో, ఆవిడ గోడవైపు కూర్చోవడం వల్లే ఇద్దరికీ వేర్వేరుగా వినిపిస్తోంది. ఒకే సబ్‌ఊఫర్‌తో రెండు చోట్లా సమానం చేయడం కరెక్షన్‌కు సాధ్యం కాదు, ఎందుకంటే అక్కడ తగ్గిస్తే ఇక్కడా తగ్గుతుంది. అయితే మూలనుంచి తీసి ముందు గోడ మధ్యకు ఎంత దగ్గరగా జరపగలిగితే ఆ అనునాదం అంత తక్కువగా రేగుతుంది. టీవీ బల్లను ఒక జానెడు పక్కకు జరిపి అయినా చోటు చేయండి. ఎనిమిది కొలతల్లో ఒకటి అమ్మగారు కూర్చునేవైపు, ఆ రెండడుగుల హద్దు అంచున, తీసుకోండి. రాత్రి పొద్దుపోయాక సినిమా చూస్తే డైనమిక్ వాల్యూమ్‌ను ‘లైట్’ దగ్గర ఉంచండి, పేలుళ్ళు అణిగి మాటలు పైకి తేలతాయి, పక్కగదిలో నిద్రపోయేవారికీ ఇబ్బంది ఉండదు. కొత్త కొలతల తరువాత సబ్‌ఊఫర్ స్థాయి ఎంత చూపిందో ఇక్కడ రాయండి, మైనస్ 3కూ మైనస్ 9కీ మధ్య ఉంటే ఇక మీటను తాకవలసిన పని లేదు.