వాచీలో పడ్డ క్యాలరీలకు సరిపడా తినొచ్చా? మీరేమంటారు?

మాగుంట లేఅవుట్ వాకర్, నెల్లూరు

మా వాకింగ్ బ్యాచ్ రెండు పార్టీలయింది, మీరే తీర్పు చెప్పాలి. పొద్దున గంటసేపు నడిస్తే నా వాచీ 430 క్యాలరీలు కరిగాయని చూపిస్తుంది. నా బరువు 80 కిలోలు. నడక అయ్యాక హోటల్లో ఒక నెయ్యికారం దోశె తింటే అది అందులోనే సర్దుకుపోతుంది కదా అనేది మా పార్టీ మాట. ఆ నంబరే కాకిలెక్క అనేది అవతలి పార్టీ మాట.

ఇంట్లో ఇంకో పంచాయితీ. మొన్న ఆదివారం మా ఆవిడ ఆ వాచీ పెట్టుకుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఇంటిపని చేస్తే, నా గంట నడకకు చూపించినంత కూడా చూపించలేదు. "అంటే ఇంతసేపూ నేను ఊరికే కూర్చోనుండానా?" అని నిలదీసింది. వాచీకి బాగానే డబ్బులు పోశాను, ఊరికే తీసిపారేయకుండా లెక్కతో చెప్పండి.

పెన్నా గట్టు

దోశె తినాలనుకున్నోడికి వాచీ సాక్ష్యం ఎందుకన్నా. కానియ్యి.

రిటైర్డ్ ఫిజిక్స్, ఒంగోలు

లెక్కతోనే చెబుతాను. ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి అయ్యే ఖర్చును 1 మెట్ అంటారు. స్థూలంగా కిలో బరువుకు గంటకు ఒక క్యాలరీ. ఏ పనికి ఎన్ని మెట్‌లో చెప్పే పెద్ద పట్టిక ఒకటుంది. అమెరికాలో బార్బరా ఐన్స్‌వర్త్ బృందం 1993లో వేసింది, 2000లో, 2011లో, మళ్లీ 2024లో సవరించారు. గంటకు ఐదు కిలోమీటర్ల లోపు మామూలు నడక అందులో 3.5 దరిదాపుల్లో ఉంటుంది.

80ని 3.5తో గుణిస్తే 280. ఆ గంటా నువ్వు నడవకుండా అరుగు మీద పేపరు చదువుకుంటూ కూర్చున్నా అందులో 80 ఎటూ ఖర్చయ్యేవే. అవి తీసేస్తే నడిచినందుకు దక్కింది 200. మొత్తం క్యాలరీలు అని వాచీలో కనబడే అంకెలో ఈ కూర్చున్న ఖర్చు కూడా కలిసే ఉంటుంది, తిరకాసు కొంత అక్కడే ఉంది. ఇక నెయ్యి ఒక చెంచా, అంటే 5 గ్రాములు, 45 క్యాలరీలు. నెల్లూరులో దోశె మీద ఎన్ని చెంచాలు తిప్పుతారో పెనం పక్కన నిలబడి నువ్వే చూసుకో. పిండి, చట్నీ సంగతి ఆ తర్వాత.

మాగుంట లేఅవుట్ వాకర్

మాస్టారూ, మీ పట్టికకు నేనెవరో తెలీదు. వాచీ అయితే నా గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చూసి చెబుతుంది. నడకలో నాకు 130 దాటుతుంది. అది అబద్ధమా?

కావలి ఫిజియో

గుండె లెక్క అబద్ధం కాదన్నా. దాన్నుంచి క్యాలరీలకు పోయేచోట తేడా కొడుతుంది. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 60 మందికి ఏడు రకాల చేతి పట్టీలు కట్టి, వాళ్లు నిజంగా వాడుకున్న ఆక్సిజన్‌ను కొలిచి పోల్చి చూశారు. గుండె వేగాన్ని ఏడింటిలో ఆరు 5 శాతం లోపు తేడాతో పట్టుకున్నాయి. క్యాలరీల దగ్గరకొచ్చేసరికి అన్నిటికంటే నయమైనదే సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం. గుండె వేగం పెరిగిన ప్రతిసారీ కండ ఎక్కువ పని చేసినట్టు కాదు, అదీ చిక్కు.

మన ఊళ్లలో దీనికి పెద్ద కారణం ఎండ. రోహిణి కార్తెలో ఏడున్నరకే ఒళ్లు ఉడికిపోతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి గుండె చర్మం దాకా అదనంగా రక్తం తోలాలి. చెమటలో నీళ్లు పోయేకొద్దీ ఒక్కో దెబ్బకు పంపగలిగే రక్తం తగ్గి, ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. దారీ అదే, నడక వేగమూ అదే, డిసెంబరులో కంటే మే నెలలో గుండె మాత్రం ఎక్కువ కొట్టుకుంటుంది. వాచీ ఆ ఎక్కువను కూడా క్యాలరీల ఖాతాలో వేసేస్తుంది. చొక్కా పిండితే నీళ్లు కారినంత మాత్రాన కొవ్వు కరిగినట్టు కాదు. చెమట ఆరుతూ తీసుకుపోయేది ఒంట్లో ముందే పేరుకున్న వేడిని. దానికోసం వేరే కొవ్వేమీ మండదు.

బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు, అంటే అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి వేసుకునేవాళ్లకు ఇదంతా తిరగబడుతుంది. ఆ మాత్ర గుండె వేగాన్ని పెరగనివ్వదు, కాబట్టి ఎంత నడిచినా వాచీ తక్కువే చూపిస్తుంది. అది చూసి ఇంకా గట్టిగా నడవబోయి ఆయాసపడే పెద్దవాళ్లను నేను చూస్తూనే ఉంటాను. వాళ్లకు వాచీ వద్దు. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలగాలి, పాట ఎత్తుకుంటే మాత్రం ఊపిరి చాలకూడదు. ఆ వేగం సరిపోతుంది.

ఇందుకూరుపేట రొయ్యలు

మా సంగతి వినండి. తెప్ప మీద తిరుగుతా మేత చల్లతా ఉంటే వాచీ నేను నడస్తా ఉండాననుకుంటాది. చెయ్యి విసిరిన ప్రతిసారీ అడుగు. అదే 25 కిలోల మేత మూట భుజానికెత్తుకుని బురద గట్టు మీద జారిపోకుండా పోతే, చెయ్యి మూట మీద బిగుసుకుని ఉంటాది కాబట్టి అడుగులు సగం పడవు. బండేసుకుని నెల్లూరు దాకా పోయొస్తే గతుకులకు ఇంకొన్ని అడుగులు ఊరికే కలుస్తాయి. కూర్చుంటే జీతం, మోస్తే కోత. ఇదేం లెక్కబ్బా!

వేదాయపాళెం అక్క

వాకర్ గారూ, ముందు ఒకటి చెప్పండి. మీ ఆవిడ వాచీ పెట్టుకున్నప్పుడు యాప్‌లో ఉన్న బరువు, వయసు ఎవరివి? మీవే కదా. అంటే వాచీ లెక్కేసింది ఇల్లు ఊడుస్తున్న ఎనభై కిలోల మగమనిషికి. మీ ఇంట్లో అలాంటి దృశ్యం ఎప్పుడైనా ఉందా?

ఇక మాస్టారి పట్టిక. ఊడ్చడం, తుడవడం 3కి అటూ ఇటూ, గిన్నెలు 2 దగ్గర అని నేనూ చూశాను. కానీ అవి సింకు ముందు నిలబడి కడిగే గిన్నెలు. మా అత్తగారు ఇప్పటికీ పెరట్లో పీటేసుకుని తోముతుంది, నీళ్లకు లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. పొడుగు కర్రతో తడిగుడ్డ తొయ్యడమూ, పొట్టి చీపురుతో నడుం వంచి వాకిలంతా ఊడ్చడమూ ఒకే అంకె కింద వేస్తారా? మణికట్టుకు తెలిసేది చెయ్యి ఎంత ఊగిందన్నదే. మోకాళ్లూ నడుమూ మోసింది దానికి కనబడదు.

నాకు షుగరు. డాక్టరు నడవమంటారు. మా ఆయనేమో "రోజంతా పని చేస్తానే ఉన్నావుగా, మళ్లీ నడకెందుకు" అంటారు. ఇందులో ఎవరిది రైటు?

కావలి ఫిజియో

డాక్టరుదే అక్కా, కానీ మీ ఆయన మాటలోనూ కొంచెం ఉంది. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఓ మోస్తరు అంటే 3 మెట్‌ల నుంచి 6 లోపు. ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఆగకుండా ఉండాలన్న పాత షరతును 2020లో తీసేశారు. కాబట్టి ఊపుగా ఊడ్చినా, తుడిచినా లెక్కలోకి వస్తుంది. వంట, గిన్నెలు, బట్టలు మడతపెట్టడం రావు. రోజంతా తీరిక ఉండదు, నిజమే, కానీ అందులో 3 దాటే పని తక్కువ.

షుగరుకు క్యాలరీల సంగతే వదిలెయ్యండి. అన్నం తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే కాళ్ల కండలు రక్తంలోని గ్లూకోజును లాక్కుంటాయి. ఆ పని గిన్నెలు చెయ్యవు.

చీమకుర్తి గెలాక్సీ

ఇదంతా అనవసరపు చర్చ. టాంజానియాలో హాడ్జా అని, వేట మీద, తవ్వుకున్న దుంపల మీద బతికే జనం ఉన్నారు. హెర్మన్ పాంట్జర్ బృందం వాళ్ల రోజువారీ మొత్తం ఖర్చు కొలిచి 2012లో బయటపెట్టింది. ఒంటి సైజు తేడా సరిచేసి చూస్తే అమెరికాలో కుర్చీల్లో కూర్చునేవాళ్ల ఖర్చూ, వీళ్ల ఖర్చూ దాదాపు ఒకటే. ఎంత తిరిగినా ఒళ్లు ఇంకోచోట పొదుపు చేసి సరిచేసుకుంటుంది. మా క్వారీలో బండ మీద డ్రిల్లింగ్ చేసేవాడికీ, ఏసీలో కూర్చుని బిల్లులు రాసే నాకూ ఒకటే ఖర్చు. వాచీ గూట్లో పెట్టండి.

కొండపి పొగాకు

ఏంది ఒకటే? అబ్బాయా, సీజన్లో పొగాకును వేడికి ఆరబెట్టే మా బ్యారన్ కొట్టం దగ్గరకొచ్చి ఒక్కరోజు పచ్చాకు మొయ్యి, కర్రలకు కట్టిన ఆకు పై వరస దాకా ఎక్కించు. మధ్యాహ్నం నీ ఆఫీసు డబ్బా అన్నం నీకు ఏమూలకొస్తుందో అప్పుడు చూద్దాం.

రిటైర్డ్ ఫిజిక్స్

గెలాక్సీ చెప్పిన పరిశోధన నిజం, దానిమీద ఇచ్చిన తీర్పే అతి. అదెలా కొలిచారో ముందు తెలియాలి, ఈ గొడవ మొత్తంలో నమ్మదగ్గ తూకం అదొక్కటే. మామూలు కంటే బరువైన హైడ్రోజన్, బరువైన ఆక్సిజన్ ఉన్న నీళ్లు తాగిస్తారు. ఆ హైడ్రోజన్ ఒంట్లోంచి నీటి రూపంలోనే పోతుంది. ఆక్సిజన్ నీటితోనూ పోతుంది, ఊపిరిలో వదిలే కార్బన్ డయాక్సైడ్‌తోనూ పోతుంది. ఒకటి రెండు వారాలు మూత్రం పరీక్షించి, రెండూ ఏ వేగంతో తగ్గాయో చూస్తే, మధ్యలో ఉన్న తేడాయే వదిలిన కార్బన్ డయాక్సైడ్. దాన్నుంచి ఖర్చు తేలుతుంది. 1950లలో లిఫ్సన్ చిట్టెలుకల మీద చేశాడు, 1982లో షోలర్ మనుషులకు తెచ్చాడు. మాస్కు అక్కర్లేదు, పట్టీ అక్కర్లేదు, మనిషి తన పని తాను చేసుకుంటాడు. కాకపోతే మొత్తం ఖర్చే తెలుస్తుంది. ఊడ్చినందుకెంత, నడిచినందుకెంత అని విడదీసి చెప్పదు.

అలాంటి కొలతలే 1754 మందివి కలిపి 2021లో చూశారు. కదలికకు అదనంగా ఖర్చయ్యే ప్రతి 100లో సగటున 28ని ఒళ్లు వేరేచోట మిగుల్చుకుంటోందని తేలింది. 28 అయ్యా, వంద కాదు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 అంచనాలు చూడు. 65 కిలోల మగమనిషికి కూర్చుని చేసే పనైతే రోజుకు 2110, ఓ మోస్తరు శ్రమైతే 2710, కాయకష్టమైతే 3470. 55 కిలోల ఆడమనిషికి 1660, 2130, 2720. నీకూ మీ డ్రిల్లరుకూ మధ్య 1360 క్యాలరీలున్నాయి. ఒళ్లు పొదుపు చేస్తుందని అందులో కొంత కొట్టేసినా "ఒకటే" మాత్రం కాదు.

చీమకుర్తి గెలాక్సీ

ఆ అంచనాలూ మీ మెట్‌ల లాంటి గుణకారాలే కదా మాస్టారూ. ఒక గుణకారానికి ఇంకో గుణకారం సాక్షా? అసలు మీరు మొదలెట్టిన 1 మెట్ దగ్గరే తేడా ఉంది. ఊరికే కూర్చున్న మనిషి కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడతాడని పట్టిక అనుకుంటుంది. 2005లో 769 మందిని కొలిస్తే సగటు 2.6 వచ్చింది. ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ ఇంకా తక్కువ. కాబట్టి మీరిచ్చిన 280 కూడా వాకర్ గారికి ఎక్కువే.

రిటైర్డ్ ఫిజిక్స్

కూర్చున్నప్పటి ఖర్చు తగ్గినంత మాత్రాన నడక ఖర్చూ అదే పాళ్లలో తగ్గదు. నడిచేటప్పుడు మొత్తం 80 కిలోలూ మోసుకుపోవాల్సిందే, కొవ్వు తన కాళ్లమీద తాను రాదు. అయినా నా లెక్కే ఎక్కువంటున్నావంటే దోశె విషయంలో మనిద్దరం ఒకే పార్టీ.

మాగుంట లేఅవుట్ వాకర్

ఇంతకీ వాచీ అమ్మెయ్యమంటారా?

కావలి ఫిజియో

వద్దన్నా, పెట్టుకో. వాచీని ఇంకొకరి వాచీతో పోల్చొద్దు, పోయిన నెల నీ నడకతో పోల్చుకో, అదీ అదే చేతికి, అదే దారిలో, అదే పూట. బరువు మారినప్పుడల్లా యాప్‌లో మార్చు. నడిచిన నిమిషాలు, పొద్దున లేవగానే గుండె వేగం, ఈ రెండింటికీ అది బాగానే పనికొస్తుంది. తిండి కొలవడానికి మాత్రం వాడొద్దు.

మాస్టారి 200నే తీసుకుందాం. అందులో 28 శాతం పోతే రోజుకు 144. ఒంట్లో కిలో కొవ్వంటే సుమారు 7700 క్యాలరీలు. తిండి ఏమాత్రం పెంచకుండా రోజూ నడిస్తే కిలో తగ్గడానికి 53 రోజులు. మధ్యలో దోశె చేరిందంటే ఆ 144 ఆ పూటే తీరిపోతాయి.

పెన్నా గట్టు

53 రోజులు దోశె లేకుండా నెల్లూరులో ఉండటమా! అన్నా, బదిలీ పెట్టుకో.

వేదాయపాళెం అక్క

బదిలీకి ముందు ఆ యాప్‌లో మీ ఆవిడ పేరుతో ఇంకో ఖాతా తెరిచి, ఆమె బరువు వేసి, ఒక రోజంతా పెట్టించండి. అప్పుడూ తక్కువే చూపించొచ్చు. కనీసం ఆ అంకె ఆమెదవుతుంది.

ఇందుకూరుపేట రొయ్యలు

మాలాంటోళ్లకు ఒకటి చెప్పండి మేడం. ఆ పట్టీని చేతికి కాకుండా కాలి మడమ పైన కట్టుకుంటే మూట మోసేటప్పుడు అడుగులన్నా సరిగ్గా పడతాయా?

కావలి ఫిజియో

అడుగులు మెరుగ్గానే పడతాయన్నా. చెయ్యి బిగుసుకున్నా కాలు కదులుతుంది కదా. మేత చల్లేటప్పుడు దొంగ అడుగులు కూడా తగ్గుతాయి. కానీ చర్మం మీద పచ్చ లైటు వేసి గుండె వేగం చూసే పద్ధతిని మణికట్టుకు తగ్గట్టు చేశారు, మడమ దగ్గర అది సరిగ్గా చదవదు. కాబట్టి అడుగులు మాత్రం చూసుకో, క్యాలరీల గడి వైపు చూడకు. భుజం మీద 25 కిలోలున్నాయని దానికి ఎటు కట్టినా తెలీదు. బురదలోకి దిగేముందు విప్పెయ్, పట్టీ కింద తడి నిలిస్తే చర్మం చెడుతుంది.