అప్‌డేట్: బీర్ కిట్‌లో పంచదార బదులు మాల్ట్ వేశాం

మెల్‌బోర్న్‌లో మా తమ్ముడు కిట్‌తో చేసే బీర్ మరీ పలచగా వస్తోందని, అందులో వేసే కిలో పంచదార బదులు ఏం వేయొచ్చని అడిగాను కదా. (హైదరాబాద్‌లో లైసెన్సు లేకుండా ఇంట్లో చేయకూడదు, నాది ఫోన్‌లో సలహాలిచ్చే పనే.)

మీరన్నట్టే కిట్‌లో వచ్చే 1.7 కిలోల చిక్కటి మాల్ట్ పాకం డబ్బాకు కిలో పొడి మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ సారాన్ని ఎండబెట్టిన పొడి) కలిపి 23 లీటర్లు చేశాడు. మొదటి గ్రావిటీ (నీటితో పోలిస్తే ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె, చక్కెరలు పులిసేకొద్దీ తగ్గుతుంది) దాదాపు పాతదే, 1.038. కానీ పంచదారను ఈస్ట్ పూర్తిగా తినేస్తుంది, మాల్ట్‌ను కొంత మిగులుస్తుంది. అందుకే ఈసారి పోయినసారిలా 1.006కి దిగలేదు, 1.011 దగ్గర ఆగింది. పులియడం మధ్యలో ఆగిపోయిందేమోనని వాడికి ఒకటే టెన్షన్. మూడు రోజులు అదే రీడింగ్ వచ్చాకే సీసాల్లో పోయమన్నాను. గ్యాస్ పట్టడానికి సీసాల్లోకి మాత్రం పంచదారే, లీటరుకు 8 గ్రాములు.

"అన్నా, నురగ నిలుస్తోంది" అన్నాడు. కాస్త తీపి ఎక్కువైందట. వచ్చేసారి సగం మాల్ట్, సగం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ పొడి). నా బెల్లం ఐడియాకు మాత్రం ఇంకా ఒప్పుకోవడం లేదు.