టీమ్ ఫైళ్లు ఒకరి డ్రైవ్‌లోనే ఉంచాలా, సొంత సర్వర్ పెట్టాలా?

గోడమీదపిల్లి:
మాది 9 మంది టీమ్. డ్రాయింగులు, ఎక్సెల్ షీట్లు, మీటింగ్ నోట్సు, కొన్ని వీడియోలు. అన్నీ టీమ్ లీడ్ సొంత గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి, అందరికీ ఎడిట్ హక్కు ఉంది. "పని నడుస్తోంది కదా, కదపొద్దు" అని సగం మంది. "సర్వర్ తీసుకుని, ఫైళ్లు మన దగ్గరే పెట్టుకునే నెక్స్ట్‌క్లౌడ్ సాఫ్ట్‌వేర్ వేద్దాం" అని మిగతా సగం. నెల నుంచి ఇదే వాదన. మీరైతే ఏం చేస్తారు?

సర్వర్‌సామి:
సొంత సర్వరే. నెక్స్ట్‌క్లౌడ్ ఓపెన్ సోర్స్, 2016లో ఓన్‌క్లౌడ్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చింది, ఇప్పుడు బాగా నిలదొక్కుకుంది. గూగుల్ ఉచిత అకౌంట్‌లో ఇచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిల్, ఫోటోలు కూడా. మీ లీడ్ ఫోన్‌లో ఫోటోలు పెరిగితే మీ డ్రాయింగులకు చోటుండదు.

పాతకాపు:
సామి గారూ, చిన్న సవరణ. ఆ ఫోల్డర్‌లో ఎవరు అప్‌లోడ్ చేస్తే ఆ ఫైల్ వాళ్ల కోటాలోంచే పోతుంది, లీడ్ కోటాలోంచి కాదు. ఎందుకంటే ఫైల్ వాళ్ల పేరు మీదే ఉంటుంది. ఫోల్డర్ మాత్రమే లీడ్‌ది. రేపు లీడ్ ఆ ఫోల్డర్‌ని ఇంకొకరి పేరుకి మార్చినా, లోపలి ఫైళ్లు పాత ఓనర్ల పేరు మీదే ఉండిపోతాయి. చాలామందికి ఈ సంగతి తెలియదు. ఒకతను టీమ్ వదిలి వెళ్తూ తన డ్రైవ్ సర్దుకున్నాడనుకోండి. అతని ఫైళ్లు ట్రాష్‌లో పడతాయి, 30 రోజుల తర్వాత అందరికీ పోతాయి. అతని తప్పేమీ లేదు, తన ఫైళ్లు తాను తీసేసుకున్నాడు.

గోడమీదపిల్లి గారూ, లిస్ట్ వ్యూ పెట్టి ఓనర్ కాలమ్ ఒకసారి చూడండి. సర్వరా డ్రైవా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు.

సర్వర్‌సామి:
నేను చెప్పేదీ అదే కదండీ! మీ సర్వర్ అయితే ఫైళ్లన్నీ టీమ్‌వే.

రాత్రిడ్యూటీ:
టీమ్‌వా, సర్వర్ మీద సర్వహక్కులిచ్చే రూట్ పాస్‌వర్డ్ ఉన్నవాడివా? 9 మందిలో సర్వర్ తెలిసినవాడు ఒక్కడుంటాడు. అప్‌డేట్లు, డిస్క్ నిండటం, గడువు తీరకముందే రెన్యూ కావాల్సిన సైట్ భద్రతా సర్టిఫికెట్, అన్నీ వాడి నెత్తినే. వాడు సెలవు పెట్టిన రోజే సర్వర్ పడుకుంటుంది, అదేం చిత్రమో. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో, సర్వర్లు అద్దెకిచ్చే ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్నవాళ్లకు రెండూ పోయాయి. అసలు అందరి ప్రోగ్రామ్ కోడ్ దాచిపెట్టడమే పనిగా బతికే గిట్‌ల్యాబ్ కంపెనీయే 2017 జనవరిలో తప్పు సర్వర్ మీద డేటాబేస్ తుడిచేసుకుంది. పేరుకి చాలా రకాల బ్యాకప్పులున్నాయి, అదృష్టం కొద్దీ 6 గంటల పాత కాపీ ఒకటి దొరికింది. వాళ్లకే అలా అయితే సాయంత్రాలు తీరిక చేసుకుని సర్వర్ చూసే మీవాడి సంగతేంటి? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది.

సర్వర్‌సామి:
పెద్ద కంపెనీ అయితే ఫైళ్లు పోవా? 2023 నవంబర్‌లో గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్ వాడే కొందరికి నెలల తరబడి చేసిన పని కనబడకుండా పోయింది. యాప్ 84వ వెర్షన్‌లో సమస్య ఉందని గూగులే చెప్పింది. ఎక్కడున్నా బ్యాకప్ మన బాధ్యతే.

రాత్రిడ్యూటీ:
ఈ ఒక్క ముక్క ఒప్పుకుంటా.

మూడోకాపీ:
నా బాధ వేరే. ఎక్కడ పెట్టినా మనుషులు మారరు. ఒకావిడ ట్రైన్‌లో నెట్ లేకుండా బడ్జెట్ షీట్ తెరిచి మూడు గడులు మారుస్తారు. అదే సమయంలో ఆఫీసులో ఇంకొకరు అదే షీట్‌లో కొత్త వరస కలుపుతారు. నెట్ రాగానే ఫోల్డర్‌లో రెండో ఫైల్ పుడుతుంది, పేరు చివర "కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ" అని, పక్కన తేదీ. డ్రాప్‌బాక్స్‌లోనూ అంతే, నెక్స్ట్‌క్లౌడ్‌లోనూ అంతే. రెండూ సగం సగం కరెక్ట్. ఆ తర్వాత వచ్చిన మూడో మనిషి పేరు పొడుగ్గా ఉన్నదాన్ని చెత్త అనుకుని తీసేస్తాడు. అందుకే అందరూ ముట్టుకునే షీట్లు బ్రౌజర్‌లోనే తెరవాలని మా టీమ్‌లో రూల్. ఇప్పటికీ సణుగుతున్నారు.

ఇంకొకటి, సింక్ అంటే అందరి దగ్గరా ఫైళ్లు ఒకేలా ఉంచడం, బ్యాకప్ కాదు. ఒకరు డిలీట్ కొడితే అది కూడా అందరికీ సింక్ అవుతుంది.

పాతకాపు:
నా ఓటు రెండింటికీ కాదు. టీమ్ నెల నెలా కాస్త ఖర్చు పెట్టగలిగితే సంస్థల కోసం గూగుల్ డబ్బుకిచ్చే వర్క్‌స్పేస్‌లో షేర్డ్ డ్రైవ్ తీసుకోండి. అందులో ఫైల్ ఎవరు పెట్టినా టీమ్ పేరు మీదే ఉంటుంది, మనిషి వెళ్లినా ఫైల్ వెళ్లదు. ఉచిత అకౌంట్లకు ఆ సదుపాయం లేదు, కొన్ని చిన్న ప్లాన్లలోనూ లేదు, చూసుకుని కొనండి. పని అయిపోయిన ఫోల్డర్లకు ఎడిట్ తీసేసి చూసే హక్కు మాత్రమే ఉంచండి. వారానికోసారి మొత్తం ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి దింపండి. అప్పుడప్పుడు ఆ డిస్క్‌లోంచి ఒక ఫైల్ తెరిచి చూడండి కూడా, ఊరికే కాపీ చేసి అలమరలో పడేస్తే లాభం లేదు. సర్వర్ చూసుకోవడానికి ఇద్దరు సిద్ధంగా ఉంటే సామి గారి దారి కూడా మంచిదే. ఒక్కరే అయితే వద్దు.

గోడమీదపిల్లి:
ఓనర్ కాలమ్ చూశానండీ. 9 మంది టీమ్‌లో 11 పేర్లున్నాయి. ఇద్దరు ఎప్పుడో మానేశారు. మెయిన్ డ్రాయింగుల్లో సగం వాళ్లలో ఒకరి పేరు మీదే ఉన్నాయి. టెన్షన్ మొదలైంది. కాపీ చేసుకుంటే సరిపోతుందా?

పాతకాపు:
కాపీ మీ పేరు మీద వస్తుంది, కానీ పాత వెర్షన్ హిస్టరీ రాదు. ముందు అన్నీ డిస్క్‌లోకి దింపండి, ఈరోజే. తర్వాత ఆయనకు ఫోన్ చేసి ఓనర్‌షిప్ మార్చమని అడగండి. మీరు ఇటువైపు ఒప్పుకున్నట్టు నొక్కితేనే మారుతుంది, ఆ మెయిల్ వదిలేయకండి.

సర్వర్‌సామి:
ఎలాగూ అన్నీ దింపుతున్నారుగా, పనిలో పని మా వైపు వచ్చేయండి. ఇన్‌స్టాల్ నేను చేసిపెడతా.

రాత్రిడ్యూటీ:
నడిరాత్రి పడిపోతే కూడా మీరే లేస్తారా సామీ?