1918 నాటి మద్రాసు మరణాల రిజిస్టర్లు ఎక్కడ చూడాలి?

నమస్కారం అండీ. మా తాతయ్య 1912 ప్రాంతంలో మద్రాసు చింతాద్రిపేటలో పుట్టారు. 1918 చివర్లో ఇన్‌ఫ్లుయెంజా ఊరంతా పాకినప్పుడు వాళ్ళమ్మ పోయారు. ఆవిడ పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు, అదే నా బాధ.

మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదుకు 1899లోనే చట్టం వచ్చింది కాబట్టి ఎక్కడో రాసే ఉంటారని ఆశ. తాతయ్య పుట్టుక నమోదులో వెతుకుదామంటే, పేరు పెట్టకముందే పుట్టుక రాయించేవారు కనుక బిడ్డ పేరు గడి చాలాచోట్ల ఖాళీగా ఉంటుంది. తండ్రి పేరు, వీధి పట్టుకునే వెతకాలి. మరి మరణాల్లో ఆడవాళ్ళ పేరు రాసేవారా, లేక ఫలానావారి భార్య అనేనా? ఆ రిజిస్టర్లు నగర కార్పొరేషన్ ఆఫీసైన రిప్పన్ బిల్డింగ్‌లో ఉన్నాయా, ఎగ్మూరులోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌కి (పాత రికార్డులు దాచే చోటు) చేరాయా? స్వయంగా చూసినవాళ్ళు దయచేసి చెప్పండి. నాకు తమిళం చదవడం రాదు, అవసరమైతే తెలిసినవాళ్ళను వెంట తీసుకెళ్తాను.