డాబా మీద సినిమా: కుంగ్ ఫూ పాండా రెండోది పిల్లలకి వేయొచ్చా?

మూడులాంతర్లు_కుర్రాడు:
మాది విజయనగరం. వచ్చే శనివారం రాత్రి మా డాబా మీద తెల్లదుప్పటి కట్టి వీధి పిల్లలకి సినిమా వేస్తున్నాం. ప్రొజెక్టర్ మా బావది. నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా ఓ పదిహేనుమంది వస్తారు. పోయిన వేసవిలో 'కుంగ్ ఫూ పాండా' మొదటిది (2008) వేస్తే నెల్లాళ్లు పిల్లలంతా మెట్ల మీంచి దూకుతూనే ఉన్నారు. ఈసారి 2011లో వచ్చిన రెండోది వేద్దామంటే వీధి వాట్సాప్ గ్రూపులో ఒక బాబాయ్ గారు వద్దన్నారు. కారణం ఇక్కడ చెబుతానన్నారు. మీరేమంటారు?

బొబ్బిలి_బాబాయ్:
ఆ బాబాయ్‌ని నేనే. మొదటిదానితో నాకు పేచీ లేదు. నూడుల్స్ కొట్టు నడిపే బాతు, వాళ్లబ్బాయి లావుపాటి పాండా, హాయిగా నవ్వుకున్నాం. రెండోదానిలో విలన్ ఎవరు? నెమలి. 1963 నుంచి మన జాతీయ పక్షి, సుబ్రహ్మణ్యస్వామి వాహనం. అలాంటిది కత్తులు విసురుతుంది, తోడేళ్లని తోలి పాండాల ఊరు తగలబెట్టిస్తుంది. పిల్లలకి నేర్పాల్సింది ఇదా?

మయూరి_జంక్షన్:
నన్నెందుకండీ మధ్యలోకి లాగుతారు.

పలాస_పప్పు:
సినిమా ఏదైనా సరే, జీడిపప్పు నేను తెస్తా.

నాగావళి_గట్టు:
బాబాయ్ గారూ, మాది శ్రీకాకుళం. మీ వీధి కాకపోయినా ఊరుకోలేకపోతున్నాను. అన్నిటిలోకీ రెండోదే మంచి సినిమా. దర్శకురాలు జెన్నిఫర్ యూ నెల్సన్. ఆ షెన్ అనే తెల్లనెమలి ఊరికే చెడ్డది కాదు. బాణసంచా మందుతో ఫిరంగులు చేసింది. ఫిరంగి ముందు కుంగ్ ఫూ ఎందుకూ పనికిరాదా అన్నదే కథ. పిల్లలకి అర్థం కానిది ఏముంది ఇందులో?

బొబ్బిలి_బాబాయ్:
మంచిమాట గుర్తుచేశారు. చివర్లో పాండా ఫిరంగి గుండ్లని చేత్తో పట్టుకుని తిప్పి కొడతాడు. మనసు ప్రశాంతంగా ఉంటే చాలట! అమ్మా, 1757 జనవరిలో మా బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు పెట్టినప్పుడు లోపల ఉన్నవాళ్లు వీరులు కారా? ఎవరు చేత్తో పట్టుకున్నారు? ఈ అబద్ధాలు చూసి మా వీధి పిల్లలు దీపావళికి చిచ్చుబుడ్డి మీద చెయ్యి పెడితే బాధ్యత ఎవరిది?

కోట_గుమ్మం:
బుస్సీని అక్కడిదాకా తీసుకెళ్లింది మా విజయనగరమే అని ఇప్పుడు మొదలుపెట్టకండి దయచేసి.

వీరఘట్టం_వస్తాదు:
సందు దొరికింది కాబట్టి అడుగుతున్నా. మా కోడి రామమూర్తి నాయుడు గారు గుండె మీద ఏనుగుని ఎక్కించుకున్నారు, ఊపిరి బిగించి ఒంటికి చుట్టిన ఇనుప గొలుసు తెంపారు. ఆయన మీద కార్టూన్ తీసే నాథుడే లేడా? పాండాల కోసం ఇంత గొడవా?

నాగావళి_గట్టు:
వస్తాదు గారూ, దానికి వేరే చర్చ పెట్టండి, నేనూ వస్తాను. బాబాయ్ గారూ, మీరు సినిమా సగమే చూసినట్టున్నారు. గురువు షిఫూ మొదట్లో ఒక నీటిచుక్కని చితక్కుండా అరచేతి మీదుగా జారనిస్తాడు. చివర్లో పాండా చేసేదీ అదే. అంతకుముందు వాడికి ఎందుకు చేతకాలేదు? శత్రువు ఈకల మీద ఎర్రని గుర్తు కనిపించిన ప్రతిసారీ చిన్నప్పటిదేదో గుర్తొచ్చి కొయ్యబారిపోతాడు. అదేమిటో పూర్తిగా తెలిశాకే చెయ్యి ఆడుతుంది. మంత్రం కాదండీ అది.

బొబ్బిలి_బాబాయ్:
పూర్తిగానే చూశాను. తమ్ముడూ, పోనీ ఒక పని చెయ్యి. ఆ ముల్లంగుల పెట్టె సీను వరకు దాటించేసి వెయ్యి. నెమలి ఉన్నా సర్దుకుంటాను.

మూడులాంతర్లు_కుర్రాడు:
ముల్లంగుల సీనా? అందులో కొట్లాటే లేదు కదా బాబాయ్! కూరగాయలతో వచ్చిన పెట్టెలో ముల్లంగులన్నీ తినేసి పాండా పిల్ల కూర్చుని ఉంటుంది. ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని బాతు చూస్తుంది, ఎవరూ రారు. లోపలికి తీసుకెళ్లి స్నానం చేయించి పెంచుకుంటుంది. మా అమ్మ ఆ సీనుకి ఏడ్చింది.

నాగావళి_గట్టు:
ఇదన్నమాట. ఇంతసేపూ నెమలి, ఫిరంగి, చిచ్చుబుడ్డి అంటూ మమ్మల్ని తిప్పారు. పెంచినవాళ్లు వేరు, కన్నవాళ్లు వేరు అన్న మాట పిల్లల చెవిన పడకూడదు, అంతేనా? నా సంగతి వినండి. నన్ను పెంచింది మా పెద్దమ్మ. నాకు తెలియదు. ఆమదాలవలస స్టేషన్‌లో, నా పెళ్లికి వచ్చిన చుట్టాల్ని దింపుకుంటుంటే, ఒకావిడ సంచి కింద పెట్టి నా గడ్డం పట్టుకుని "అచ్చం కన్నతల్లి పోలికేనే" అంది. పక్కనే ఉన్న పెద్దమ్మ చేతిలో మంచినీళ్ల సీసా జారిపోయింది. పదకొండేళ్లయింది. ఆ సీసా దొర్లిన చప్పుడు ఇంకా వినిపిస్తుంది. ఆ రోజు పెళ్లిపందిట్లో ఉన్నవాళ్లలో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

బొబ్బిలి_బాబాయ్:
మీ కష్టం మీది. దాన్ని తెచ్చి నా నెత్తిన రుద్దకండి. పెంచడం అంటే ఏమిటో మీకు తెలుసా? జ్వరం వచ్చిన రాత్రి ఎత్తుకుని తిరిగారా ఎప్పుడైనా? అంత సుఖంగా పెంచిన పెద్దమ్మని పట్టుకుని ఊరందరి ముందూ దోషిని చేస్తున్నారు.

నాగావళి_గట్టు:
పెద్దమ్మని నేనొక్క మాట అనలేదు. అనని మాట నాకు అంటగట్టకండి. దాచడం తప్పు అన్నాను.

పలాస_పప్పు:
ఏటి బాబూ ఇది, సినిమా కోసమే కదా మొదలెట్టారు?

మూడులాంతర్లు_కుర్రాడు:
బాబాయ్, ఇప్పుడు అర్థమైంది. క్షమించండి. ఇది వీధిలో వాళ్లూ చదువుతారు, మీ పోస్టులు తీసేయమని అడ్మిన్‌కి చెప్పనా?

బొబ్బిలి_బాబాయ్:
ఎందుకురా తీసెయ్యడం. వీధిలో అందరికీ తెలుసు. దానికొక్కదానికే తెలియదు. నిన్న నీ మెసేజ్ చూసి, రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్లో ఆ సినిమా పెట్టుకున్నాను. ఒంటిగంట దాటింది. ఆ పాండాగాడు "నేను ఎక్కడినుంచి వచ్చాను" అని బాతుని అడిగేసరికి ఫోన్ బోర్లించేశాను. మిగతాది తెల్లారాక చూశాను. అదీ రేపు శనివారం నా పక్కనే కూర్చుని చూస్తుంది. ఏడేళ్లకే వంద ప్రశ్నలు వేస్తుంది. డాబా మీద పదిహేనుమంది పిల్లల మధ్య అడిగితే నేనేం చెప్పాలి?

నాగావళి_గట్టు:
డాబా మీద చెప్పమని నేనూ అనను బాబాయ్ గారూ. అది వేరే మాట, ముందే చెప్పాల్సింది. కానీ చట్టప్రకారం దత్తత అయితే, పద్దెనిమిది నిండాక తన మూలాలు తెలుసుకోమని తనే అర్జీ పెట్టుకోవచ్చు. మీరు దాచినా ఆ దారి ఉంది. అంతదాకా ఆగుతారా?

బొబ్బిలి_బాబాయ్:
ఆగుతానో లేదో మీకు చెప్పనక్కర్లేదు.

కోట_గుమ్మం:
మూడోది (2016) వేసేయొచ్చుగా. గొడవ ఉండదు.

మూడులాంతర్లు_కుర్రాడు:
మూడోదాంట్లో కన్నతండ్రే వచ్చేస్తాడు సార్.

కోట_గుమ్మం:
ఓహో. నేను చూడలేదులెండి.

బొబ్బిలి_బాబాయ్:
వచ్చి ఏం చేస్తాడు? తీసుకుపోతాడా?

నాగావళి_గట్టు:
తీసుకెళ్తాడు బాబాయ్ గారూ, పాండాల ఊరికి. బాతు కూడా ప్రయాణపు మూటలో దాక్కుని వెనకాలే వెళ్తుంది. చివరికి ఇద్దరూ ఉంటారు.

మూడులాంతర్లు_కుర్రాడు:
శనివారం మొదటిదే మళ్లీ వేస్తున్నాం. బాబాయ్, మూడోది పెన్‌డ్రైవ్‌లో ఉంది. రాత్రి మీ ఇంటికి తెచ్చివ్వనా?

బొబ్బిలి_బాబాయ్:
తొమ్మిది దాటాక రా. అది పడుకుంటుంది.