108 అంబులెన్స్ కుర్రాళ్లకి నిద్ర పట్టడం లేదు, అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడించనా?

బెంజిసర్కిల్_షిఫ్ట్:
విజయవాడలో 108 బండ్ల డ్యూటీ చార్టు వేస్తుంటాను. హైవే మీద పసిపిల్లలు పోయిన కేసు తర్వాత ఆ బండిలో ప్రథమ చికిత్స చేసే ఈఎంటీ, బండి నడిపే పైలట్ ఇద్దరూ మనుషులే మారిపోయారు. మూడు వారాలైంది. ఈఎంటీ నిద్రకి ఆల్‌ప్రాజోలం మింగుతున్నాడు. పైలట్‌కి ప్రతిదానికీ కోపం, డ్యూటీ దిగగానే మందు. అడిగితే "ఏం లేదు సార్, గ్యాస్ పట్టేసింది" అంటారు. అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి ఆ రోజు సంగతంతా చెప్పించమని ఒకాయన సలహా ఇచ్చారు. మంచిదేనా?

గుంటూరు_సైకియాట్రీ:
వద్దండి. అలా ఒక్క సిట్టింగ్‌లో అందరిచేతా కక్కించడం వల్ల పీటీఎస్‌డీ (ఘోరం చూశాక మనసుని వదలని జబ్బు) ఆగదు, కొందరికి ఇంకా ముదురుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దనే అంటోంది. తనంతట తాను చెబితే వినండి, తవ్వకండి.

నెల లోపు ఇలాంటివి ఉంటే అక్యూట్ స్ట్రెస్ అంటాం, చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా ఆ దృశ్యం కళ్లముందు తిరగడం, ఆ రోడ్డు తప్పించుకుని పోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం ఉంటే చూపించాల్సిందే. మీవాళ్లిద్దరూ మాత్రలు, మందు దాకా వచ్చేశారు కాబట్టి నెల కోసం ఆగొద్దు. ఇలాంటి ఘటన తర్వాత మొదటి నెలలో ఆల్‌ప్రాజోలం జాతి మాత్రలు ఇవ్వకూడదు. అలవాటు పడతారు, మీద మందు కూడా పడితే ఊపిరి మందగిస్తుంది. అలాగని రోజూ మింగేవాడు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మెల్లగా తగ్గించాలి. పీటీఎస్‌డీ అని తేలితే ట్రామా మీద చేసే సీబీటీ (ఆలోచనల తీరు మార్చే కౌన్సెలింగ్), ఈఎండీఆర్ (కళ్లు కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునే చికిత్స) పనిచేస్తాయి. సెర్ట్రలిన్ లాంటి మందుల గుణం తెలియడానికి వారాలు పడుతుంది.

అన్నట్టు, గుండె బరువుగా ఉందంటే ముందు ఈసీజీ తీయించండి. మనసుదే అని తేల్చేయొద్దు.

ఫైర్_స్టేషన్_గుంటూరు:
అన్నా, ఆఫీసు గదికి మాత్రం పిలవకు, మెమో ఇస్తున్నావనుకుంటారు. బండిలో ఆక్సిజన్ సిలిండర్ గేజ్ చూసేటప్పుడు పక్కన నిలబడి అడుగు. "బాధగా ఉందా" అంటే మనోళ్లు లేదనేస్తారు. "రాత్రి ఎన్నింటికి మెలకువొస్తోంది, మళ్లీ పడుతోందా" అంటే జవాబొస్తుంది. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడుగు, అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకు. ఇంట్లో మాత్రలు, పురుగుమందు తీయించి అప్పటికప్పుడే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లు.

పైలట్‌ని కొన్నాళ్లు స్టీరింగ్ నుంచి తప్పించు. నిద్ర లేనోడి చేతిలో అంబులెన్స్ పెట్టడం తప్పు. ఇంటికి పంపేయకు, శిక్షనుకుంటాడు. స్టోర్సులో వెయ్యి.

బెంజిసర్కిల్_షిఫ్ట్:
ఆఫీసుకి తెలిస్తే ఉద్యోగం పోతుందని ఇద్దరికీ భయం. తాగుడు ఇవాళ్టి నుంచే మానేయమననా?

గుంటూరు_సైకియాట్రీ:
రోజూ తాగుతుంటే అలా ఆపించకండి. ముందు చేతుల వణుకు, రెండు రోజుల్లోపు ఫిట్స్, ఆ తర్వాత మతి తప్పడం దాకా పోవచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి.

ఉద్యోగం సంగతంటారా, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 23 ప్రకారం వైద్యం వివరాలు గోప్యం, మామూలుగా రోగి ఒప్పుకోకుండా బయటపెట్టకూడదు. శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని సెక్షన్ 21 చెబుతోంది. ముందు ఫోన్లో మాట్లాడతామంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. ఉచితం, 24 గంటలూ, తెలుగులోనే. ఓపీకి వెళ్లేటప్పుడు ఈఎంటీని మాత్రల స్ట్రిప్ పట్టుకెళ్లమనండి. 0.25 మిల్లీగ్రాములా, 0.5 ఆ, రోజుకెన్ని అన్నదాన్నిబట్టే తగ్గించే లెక్క వేస్తారు.